పియెమోంటే కొండల వైన్లు: రోజూ తాగడానికి పది యూరోల లోపు ఏం కొనాలి?

టొరినో_కొత్తకాపురం:
అందరికీ నమస్కారం. ఉద్యోగం మారి మేమిద్దరం ఈ మధ్యే ఇటలీలో పియెమోంటే ప్రాంతపు ముఖ్యపట్టణం టొరినో వచ్చాం. ఇంటి పక్క సూపర్ మార్కెట్‌లో వైన్ల అరలు చూస్తే కళ్లు తిరిగాయి. బరోలో పేరు ముందే విన్నాం కానీ సీసా నలభై యూరోల దాకా ఉంది, రోజువారీ భోజనానికి అది కుదిరే పని కాదు. దాని కింది అరలోనే అయిదు యూరోలకు బార్బెరా, ఎనిమిదికి డొల్చెట్టో, పద్నాలుగుకు లాంగే నెబ్బియోలో ఉన్నాయి. రాత్రి భోజనంతో చెరో గ్లాసు, అంతే మా అలవాటు. సీసాకి పది యూరోలు దాటకూడదని అనుకుంటున్నాం. ఇంట్లో సగం రోజులు పప్పూ కూరలే, మిగతా రోజులు పాస్తా. ఎక్కడ మొదలుపెట్టమంటారు? లేబుల్ మీద ఏం చూడాలి?

ఆల్బా_పక్కన:
స్వాగతం అండీ. నేను ఆల్బా దగ్గర చాలా ఏళ్లుగా ఉంటున్నాను. కొంచెం వివరంగానే రాస్తాను, ఓపికగా చదవండి.

ముందుగా బరోలోని పండగలకి వదిలేయండి. బరోలో, దాని పొరుగు బార్బరెస్కో రెండూ నెబ్బియోలో అనే ద్రాక్షతో చేసే ఖరీదైన ఎర్ర వైన్లు. దాని ధరలో పెద్ద వాటా ఎదురుచూపుకే పోతుంది. నిబంధనల ప్రకారం బరోలో కనీసం 38 నెలలు ఆగాలి, అందులో 18 నెలలు చెక్క పీపాల్లో ఉండాలి. బార్బరెస్కోకి 26 నెలలు, అందులో 9 నెలలు చెక్కలో. అన్నాళ్లు సరుకు అమ్మకుండా దాచుకున్నవాళ్లు ఆ ఖర్చు రాబట్టుకోవాలి కదా. పైగా బరోలో పండించే హక్కున్నది 11 ఊళ్లకే, అక్కడ తోట కొనాలంటే మామూలు రైతు వల్ల అయ్యే పని కాదు.

ఇక్కడి ఇళ్లలో మామూలు రోజు రాత్రి భోజనాల బల్ల మీద కనిపించేది డొల్చెట్టో, లేదంటే బార్బెరా. డొల్చెట్టో త్వరగా పండే ద్రాక్ష. దాని కోత సెప్టెంబరులోనే అయిపోతుంది, నెబ్బియోలో మాత్రం అక్టోబరు దాకా కొమ్మ మీదే ఉండాలి. అందుకని ఎండ బాగా తగిలే దక్షిణపు వాలు నెబ్బియోలోకి ఇచ్చి, ఎత్తుగా చల్లగా ఉండే చోట్ల డొల్చెట్టో వేస్తూ వచ్చారు. రంగు ముదురు ఊదా. పులుపు తక్కువ, చివర్లో కాస్త వగరు, బాదం పొట్టులాంటి చిన్న చేదు. తీపి అసలు ఉండదు. ఏడాది రెండేళ్లలో తాగేయాల్సిన వైన్ ఇది, దాచిపెట్టి లాభం లేదు.

బార్బెరా దీనికి పూర్తిగా ఎదురు. పులుపు బాగా ఎక్కువ, వగరు దాదాపు ఉండదు. టమాటా వేసిన ఏ వంటకైనా పక్కన బార్బెరా పెట్టండి, వంటలోని పులుపుకి అది తట్టుకుని నిలబడుతుంది. పులుపు తక్కువ ఉన్న వైన్లు టమాటా పక్కన చప్పబడిపోతాయి.

లేబుల్ సంగతి: మొదట ద్రాక్ష పేరు, తర్వాత ఊరి పేరు ఉంటాయి. డొల్చెట్టో ద'ఆల్బా, బార్బెరా ద'అస్టి, ఇలా. వెనకవైపు చిన్న అక్షరాల్లో 'ఇంబొత్తిల్యాతో ఆల్ ఒరీజినె' అని ఉందేమో చూడండి. పండించినవాళ్లే సీసాలో నింపారని దానర్థం. ఎనిమిది యూరోల సీసా మీద ఆ మాట కనబడితే నేను ధైర్యంగా కొంటాను.

న్యూజెర్సీ_రుచి:
బాగా చెప్పారు. కానీ లాంగే నెబ్బియోలోని పక్కన పెట్టేయడం నాకు మనసొప్పడం లేదు. లాంగే అంటే ఆల్బా చుట్టూ ఉన్న కొండలే. ఇక్కడ మాకు బరోలో అంటే యాభై అరవై డాలర్లు. అదే ద్రాక్ష, చాలాసార్లు అవే కొండలు, పేరు మాత్రం లాంగే నెబ్బియోలో, ఇరవై పాతిక డాలర్లకే దొరుకుతుంది. బరోలో తోటల్లోని లేత తీగల పండ్లతో, లేదా బరోలో స్థాయికి రాలేదని పక్కన పెట్టిన పీపాలతో చాలామంది దీన్ని చేస్తారు. ముఖ్యంగా ప్రొడుట్టోరి దెల్ బార్బరెస్కో వాళ్ల లాంగే నెబ్బియోలో ఎక్కడ కనిపించినా వదలొద్దు.

గుంటూరు_లండన్:
ప్రొడుట్టోరి అంటే సహకార సంఘమేనా? మా అన్నయ్య ఆ మాట చెబితే నేను నమ్మలేదు. సంఘాల సరుకంటే మామూలుగా నాసిరకమే కదా.

న్యూజెర్సీ_రుచి:
సంఘమేనండీ, దాని చరిత్ర మహా గొప్పది. 1894లో ఆల్బా వైన్ విద్యాలయం అధిపతి దొమీజియో కవాజ్జా బార్బరెస్కో ఊరి రైతుల్ని కూడగట్టి మొదటి సంఘం పెట్టాడు. అప్పటిదాకా వాళ్ల నెబ్బియోలో బరోలో వాళ్లకో, ఊరూపేరూ లేని వైన్‌గానో అమ్ముడుపోయేది. 1920ల్లో ఫాసిస్టు పాలనలో ఆ సంఘం మూతపడింది. మళ్లీ 1958లో ఆ ఊరి చర్చి ఫాదర్ దోన్ ఫియోరీనో మరెంగో పందొమ్మిది మంది చిన్న రైతుల్ని ఒక్కచోటికి తెచ్చి ఇప్పటి సంఘాన్ని మొదలుపెట్టాడు. మొదట్లో వైన్ చేసింది చర్చి నేలమాళిగలోనే. ఇప్పుడు యాభైకి పైగా కుటుంబాలున్నాయి. సభ్యులు తమ నెబ్బియోలో అంతా సంఘానికే ఇవ్వాలి, పండు నాణ్యతను బట్టి డబ్బు. అందుకే నాసిరకం రాదు.

ఆల్బా_పక్కన:
ప్రొడుట్టోరి విషయంలో మీతో పూర్తిగా ఏకీభవిస్తాను. బరోలో వైపు కూడా అదే 1958లో కస్తిల్యోనె ఫల్లెట్టోలో అర్నాల్దో రివేరా అనే బడి పంతులు 'తెర్రె దెల్ బరోలో' సంఘాన్ని మొదలుపెట్టారు. ఊరికి మేయరు కూడా ఆయనే. వాళ్ల డొల్చెట్టో, బార్బెరా టొరినో సూపర్ మార్కెట్లలో సులువుగానే దొరుకుతాయి.

కానీ లాంగే నెబ్బియోలోని 'చిన్న బరోలో' అని అమ్మే పద్ధతి మాత్రం నాకు నచ్చదు. ఆ పేరు పరిధి చాలా పెద్దది. 15 శాతం దాకా వేరే ద్రాక్ష కలపొచ్చు, చెక్కలో ఉంచాలన్న నియమం లేదు. కొందరు లేత తీగల పండుతో ప్రేమగా చేస్తారు, కొందరు బరోలో గుర్తుకొచ్చేలా లేబుల్ వేసి పల్చటి వైన్ అమ్ముతారు. పది యూరోల లోపు లాంగే నెబ్బియోలో దొరికితే అది చాలావరకు రెండో రకమే. అదే పది యూరోలు పెడితే డొల్చెట్టోలో ఆ ఊరి ఉత్తమ రైతు సీసా చేతికొస్తుంది. పెద్ద ద్రాక్షలో అడుగు మెట్టు కొనాలా, చిన్న ద్రాక్షలో పై మెట్టు కొనాలా అంటే నేను ఎప్పుడూ రెండోదే అంటాను.

న్యూజెర్సీ_రుచి:
ఇటలీలో ఉన్నవాళ్లకి మీ లెక్క సరిపోతుంది. మాకు ఓడలో వచ్చి, దిగుమతిదారు, డిస్ట్రిబ్యూటరు, షాపు అందరూ వాటా తీసుకున్నాక ఎనిమిది యూరోల డొల్చెట్టో కూడా పద్దెనిమిది డాలర్లవుతుంది. ఇంకో ఆరేడు డాలర్లు వేస్తే నెబ్బియోలో పరిమళం దొరుకుతుంది. గులాబీ, ఎండిన చెర్రీ, తారు కలిసిన ఆ వాసన డొల్చెట్టోలో ఎక్కడొస్తుంది?

కృష్ణాతీరం_మిలాన్:
మీరిద్దరూ వదిలేసిన మాట ఒకటుంది. లాంగే బయట కూడా నెబ్బియోలో ఉంది. టనారో నదికి అవతలి ఒడ్డున రొయేరో కొండలున్నాయి, అక్కడ నేల ఇసుక. అక్కడి 'నెబ్బియోలో ద'ఆల్బా' మెత్తగా, త్వరగా తాగడానికి సిద్ధంగా ఉంటుంది, కనీసం ఏడాది ఆపాలన్న నియమం కూడా దానికుంది. ఇంకా ఉత్తరంగా, ఆల్ప్స్ పాదాల దగ్గర గట్టినారా, గెమ్మె వైపు వెళితే నెబ్బియోలోని స్పన్నా అంటారు. అక్కడ కోస్తె దెల్లా సేజియా, కొల్లీనె నొవరేజి పేర్లతో వచ్చే మామూలు సీసాలు పన్నెండు పదిహేను యూరోలకి దొరుకుతాయి. చల్లటి ప్రాంతం, కాబట్టి పల్చగా, పుల్లగా, చాలా సువాసనగా ఉంటాయి. నాకు మిలాన్ నుంచి ఆ కొండలే దగ్గర, వీలైనప్పుడల్లా వెళుతుంటాను.

గుంటూరు_లండన్:
నా ప్రశ్న కారం గురించి. మా ఇంట్లో గోంగూర మటన్, కోడి వేపుడు తప్పనిసరి. నెబ్బియోలో తాగితే నోరు మండిపోతోంది. మా ఆవిడ ఇక వైనే వద్దంటోంది.

ఆల్బా_పక్కన:
అది మీ నోటి తప్పు కాదండీ. వగరూ, ఆల్కహాలూ రెండూ కారాన్ని పెంచుతాయి. నెబ్బియోలోలో ఆ రెండూ నిండుగా ఉంటాయి. కారంగా వండిన రోజున వగరు తక్కువున్న బార్బెరా తీయండి. అదీ చెక్కలో పెట్టనిది, 13 శాతానికి అటూఇటూ ఆల్కహాలు ఉన్నది. ఈమధ్య ఎండలు పెరిగి బార్బెరా కూడా 14.5, 15 దాకా పోతోంది. అందుకని లేబుల్ మీద అంకె చూసే కొనండి. కాస్త చల్లబరిచి, ఫ్రిజ్‌లో ఓ అరగంట ఉంచి తాగితే ఇంకా హాయి.

కోడి వేపుడుకి మాత్రం నా ఓటు ఎప్పుడూ మొస్కాటో ద'అస్టికే. అయిదు శాతం చుట్టూ ఆల్కహాలు, సన్నటి బుడగలు, తీపి. కారం వెంటనే దిగుతుంది. దాన్ని భోజనం చివర కేకుతోనే తాగాలని ఇక్కడివాళ్లు అంటారు, వాళ్ల వంటలకి అది సరే. మన వంటకి భోజనం మధ్యలోనే బావుంటుంది.

టొరినో_కొత్తకాపురం:
చాలా థాంక్స్. మరి గోంగూర? అదే పెద్ద పులుపు కదా.

ఆల్బా_పక్కన:
గోంగూరకి బార్బెరానే. పులుపు పక్కన పులుపే నిలబడుతుంది. డొల్చెట్టోని గోంగూర దరిదాపులకి రానివ్వకండి, అందులో పులుపు తక్కువ కాబట్టి చప్పగా, చేదుగా అనిపిస్తుంది. డొల్చెట్టో ముద్దపప్పు నెయ్యి అన్నంతో, వంకాయ కూరతో, పుట్టగొడుగులతో బావుంటుంది. ఊరగాయ వేసుకున్న పూట వైన్ వద్దు, మజ్జిగే మేలు.

మోన్‌ఫెర్రాటో_మిత్రుడు:
ఇంతసేపూ ఆల్బా చుట్టూనే తిరుగుతున్నారు. బార్బెరా అసలు ఇల్లు అస్టి, మోన్‌ఫెర్రాటో కొండలు. ఆల్బాలో మంచి వాలు నెబ్బియోలోకి పోతుంది, మిగిలింది బార్బెరాకి. అస్టిలో మంచి వాలు బార్బెరాకే ఇస్తారు. అదే ధరకి అస్టి సీసాలో సరుకు ఎక్కువ ఉంటుందని నేను నమ్మేది అందుకే. 2008లో బార్బెరా ద'అస్టికి డీవోసీజీ హోదా వచ్చింది, ఇటలీ వైన్లలో అది పై మెట్టు. ఆల్బా బార్బెరా ఇప్పటికీ దాని కింది మెట్టు డీవోసీనే. ఇంకా మేలైన పండు కావాలంటే అస్టి వైపే నిట్సా ఊరి చుట్టూ పండే బార్బెరా ఉంది, దాని పేరు కూడా నిట్సానే. 2014 నుంచి అది వేరే పేరుగా వస్తోంది, నూటికి నూరు శాతం బార్బెరా. కానీ అది పదిహేను యూరోల పైమాటే, రోజువారీకి అక్కర్లేదు.

ఈ ద్రాక్ష పడ్డ కష్టం కూడా తెలుసుకోవాలి. ఒకప్పుడు పియెమోంటే అంతా బార్బెరా అంటే లీటర్ల లెక్కన అమ్మే చౌక వైన్. 1986లో మెథనాల్ కలిపిన కల్తీ వైన్ తాగి ఇరవై మందికి పైగా చనిపోయారు, కొందరికి చూపు పోయింది. ఆ సరుకు బయటికొచ్చింది కూనెయో జిల్లాలోని నర్జోలె ఊరి నుంచి, బార్బెరా పేరుతో కూడా అమ్మారు. ఆ ఏడాది ఇటలీ వైన్ ఎగుమతులు కుప్పకూలాయి. ఏ తప్పూ చేయని రైతులు కూడా తమ వైన్ అమ్ముకోలేకపోయారు. అదే రోజుల్లో రొక్కెట్టా టనారోలో జాకొమో బొలోన్యా అనే ఆయన బార్బెరాని చిన్న ఫ్రెంచి ఓక్ పీపాల్లో పెట్టి, 1982 పంటతో 'బ్రిక్కో దెల్లుచ్చెల్లోనె' అనే సీసా తెచ్చాడు. బార్బెరాని కూడా గౌరవంగా చూడొచ్చని జనానికి తెలిసింది దాంతోనే. ఈ రోజు మనం ఎనిమిది యూరోలకి నిశ్చింతగా తాగుతున్న బార్బెరా వెనక ఆ పట్టుదల ఉంది, ఆ దారుణం తర్వాత గట్టిపడ్డ తనిఖీలూ ఉన్నాయి.

కృష్ణాతీరం_మిలాన్:
మెథనాల్ సంగతి నాకు తెలియదు. చదువుతుంటే బాధేసింది. మన దగ్గర కల్తీ సారా చావుల వార్తలు గుర్తొచ్చాయి. చౌకగా కావాలన్నది జనం అవసరం, దాన్ని ఎవడో ఇలా వాడుకుంటాడు.

టొరినో_కొత్తకాపురం:
మోన్‌ఫెర్రాటో గారూ, ఒక సందేహం. 'సుపీరియోరె' అని ఉన్నది ఎప్పుడూ మేలైనదేనా? రెండు మూడు యూరోలు ఎక్కువ ఉంటోంది.

మోన్‌ఫెర్రాటో_మిత్రుడు:
మేలైనది అనడంకన్నా వేరే తరహాది అంటే సబబుగా ఉంటుంది. బార్బెరా ద'అస్టి సుపీరియోరె కనీసం 14 నెలలు ఆగాలి, అందులో ఆరు నెలలు చెక్కలో. గుండ్రంగా, చిక్కగా ఉంటుంది, మాంసం కూరలకి బావుంటుంది. మామూలుది తాజాగా, చెర్రీ పండులా ఉంటుంది. పాస్తాకి, పప్పుకి, బజ్జీలకి మామూలుదే తీసుకోండి, ఆ మూడు యూరోలు మిగుల్చుకోండి.

ఇంకో మాట. 'బార్బెరా దెల్ మోన్‌ఫెర్రాటో' మీద 'వివాచె' అని కనిపిస్తే భయపడకండి. అందులో సన్నటి బుడగలుంటాయి. అది చెడిపోయిన వైన్ కాదు, మా కొండల పాత అలవాటు. సలామీ, జున్నుతో వేసవి సాయంత్రాలు తాగుతారు. నాలుగైదు యూరోలకి దొరుకుతుంది. మిరపకాయ బజ్జీతో ఒకసారి ప్రయత్నించండి.

చార్మినార్_వంటలు:
హైదరాబాద్ నుంచి. మీ ధరలు చదువుతుంటే కడుపు మండుతోంది. మన దగ్గర దిగుమతి వైన్ మీద ఏళ్లుగా 150 శాతం కస్టమ్స్ సుంకం, దానిపైన రాష్ట్రం పన్నులు. మీరు ఎనిమిది యూరోలకి కొనే బార్బెరా ఇక్కడ షాపులో కనిపించడమే అరుదు. కనిపించినా మూడు నాలుగు వేలు పెట్టి కొని, షాపువాడు దాన్ని ఎండలో ఎన్నాళ్లు ఉంచాడో తెలియక టెన్షన్ పడాలి. వచ్చే నెల మా చెల్లెలు టొరినో నుంచి వస్తోంది. ఏం తెమ్మని చెప్పాలి?

కృష్ణాతీరం_మిలాన్:
ఒక మనిషికి సుంకం లేకుండా రెండు లీటర్లు. అంటే మామూలు సీసాలు రెండు. అంత తక్కువలో డొల్చెట్టోకి చోటివ్వడం నాకు దండగనిపిస్తుంది. ఒకటి మంచి నెబ్బియోలో, ఒకటి నిట్సా తెమ్మనండి. చెకిన్ సూట్‌కేసులో, బట్టల మధ్యలో చుట్టి పెట్టమనండి. ఇంటికొచ్చాక రెండు మూడు వారాలు కదపకుండా ఉంచండి.

ఆల్బా_పక్కన:
నేనైతే డొల్చెట్టో ఒకటి తెమ్మంటాను. నెబ్బియోలో ప్రపంచమంతా దొరుకుతుంది, నిట్సా కూడా. డోల్యాని ఊరి డొల్చెట్టో హైదరాబాద్‌లో దొరకదు. అక్కడ డొల్చెట్టోకే మంచి వాలు ఇస్తారు, 2005 నుంచి డీవోసీజీ కూడా. లేబుల్ మీద చాలాసార్లు ద్రాక్ష పేరు ఉండదు, ఊరి పేరే ఉంటుంది, గుర్తు పెట్టుకోండి. పది పన్నెండు యూరోలు. ఇది కాస్త గట్టి వైన్, ప్రయాణానికి తట్టుకుంటుంది. కానీ హైదరాబాద్ వేసవిలో మాత్రం బయట ఉంచొద్దు. ఏసీ లేని గదిలో ఏ వైన్ అయినా కొన్ని వారాల్లోనే ఉడికినట్టయిపోతుంది. చోటు లేకపోతే ఫ్రిజ్‌లోనే పెట్టండి, తాగే ముందు అరగంట బయట ఉంచండి.

చార్మినార్_వంటలు:
మా చెల్లెలికి మీ ఇద్దరి మాటలూ పంపాను. నాకు డోల్యాని మీదే మనసు పోతోంది. మటన్ దమ్ బిర్యానీకి ఆగుతుందా?

మోన్‌ఫెర్రాటో_మిత్రుడు:
కారం తగ్గించి వండితే డోల్యాని బాగా ఆగుతుంది. మీ ఇంటి మసాలా ఘాటు ఎక్కువైతే బార్బెరాకి మారిపోండి.

గుంటూరు_లండన్:
తెల్లవాటి గురించి ఎవరూ మాట్లాడలేదు. చేపల పులుసుకి?

కృష్ణాతీరం_మిలాన్:
పియెమోంటేలో తెల్లవి తక్కువే కానీ ఉన్నవి బావుంటాయి. రొయేరో ఆర్నెయిస్ బేరి పండు వాసనతో మెత్తగా ఉంటుంది, పులుపు తక్కువ. ఒకప్పుడు ఈ తీగని నెబ్బియోలో వరసల మధ్య వేసేవాళ్లు, పక్షులు ముందుగా పండే ఈ తియ్యటి పండ్లకి ఆశపడి నెబ్బియోలోని వదిలేస్తాయని. 1960లకి దాదాపు కనుమరుగైపోయింది. వియెత్తి అనే వైన్ తయారీ సంస్థకి చెందిన అల్ఫ్రెదో కుర్రాదో 1967లో దాన్ని విడిగా వైన్ చేసి నిలబెట్టారు. ఇప్పుడు ఇక్కడ తొమ్మిది పది యూరోలు.

చేపల పులుసుకి మాత్రం ఆర్నెయిస్ చాలదు. గావి తీసుకోండి, కోర్టేజె ద్రాక్షతో చేస్తారు, పియెమోంటే ఆగ్నేయ మూలన, లిగూరియా సముద్ర తీరానికి దగ్గరగా. నిమ్మ పులుపు ఉంటుంది. ఇంకా పులుపు కావాలంటే టొరినోకి ఉత్తరాన కలూజో వైపు పండే ఎర్బలూచె. అది టొరినోలో చవకగానే దొరుకుతుంది, బయట పెద్దగా ఎవరికీ తెలియదు. చింతపండు పులుసు పక్కన నాకు బాగా నచ్చింది ఇదే.

టొరినో_కొత్తకాపురం:
ఎర్బలూచె మా వీధి చివరి షాపులోనే చూశాను. రేపే కొంటాను.
ఇంకొకటి. మా పక్కింటి పెద్దాయన అస్టి వైపు వెళ్లి పెద్ద గాజు బుడ్డీల్లో వైన్ నింపించుకుని వస్తారు. లీటరు రెండు మూడు యూరోలే అంటున్నారు. మాకూ తెస్తానన్నారు. తీసుకోవచ్చా?

మోన్‌ఫెర్రాటో_మిత్రుడు:
నిశ్చింతగా తీసుకోండి. దాన్ని స్ఫూజో అంటారు, విడిగా కొలిచి అమ్మే వైన్. రైతుల సంఘాల దగ్గర పెట్రోలు బంకులో ఉన్నట్టే గొట్టంతో నింపుతారు. పెద్దాయన దగ్గరున్న బుడ్డీ దమిజానా అయ్యుంటుంది, పెద్దది 54 లీటర్లు పడుతుంది. ఇంటికి తెచ్చాక సీసాల్లోకి దించి బిరడాలు బిగించుకుంటారు. మీరిద్దరే కాబట్టి అయిదు లీటర్లు చాలు. తెరిచాక గాలి తగిలితే కొన్ని రోజుల్లోనే పుల్లబడుతుంది, కాబట్టి మూత దాకా నింపిన చిన్న సీసాల్లో పెట్టుకోండి. సంఘాల్లో అయిదు లీటర్ల అట్టపెట్టె కూడా అమ్ముతారు, లోపల సంచీ ఉంటుంది, కుళాయి తిప్పితే వైన్ వస్తుంది, గాలి లోపలికి పోదు. మీ అలవాటుకి అదే నయం, నెలరోజులు ఉంటుంది.

ఆల్బా_పక్కన:
స్ఫూజో మంచిదే. కానీ ధర గురించి నా మనసులో ఉన్న మాట ఒకటి చెప్పాలి. సూపర్ మార్కెట్‌లో మూడు యూరోలకి 'బార్బెరా' అని సీసా కనబడితే నేను కొనను. సీసా, బిరడా, లేబుల్, అట్టపెట్టె, రవాణా, షాపు వాటా, అమ్మకపు పన్ను అన్నీ పోగా అందులో ద్రాక్షకి మిగిలేదెంత? ఆ లోటు ఎవరో ఒకరి వీపు మీద పడుతుంది. ఇక్కడ వాలు ఎంత నిటారుగా ఉంటుందంటే కోత యంత్రాలు చాలాచోట్ల పనిచేయవు, పండు చేత్తోనే కోయాలి. కోసేవాళ్లు చాలావరకు వలస కూలీలు. 2024 వేసవిలో ఆల్బా వైపు తోటల్లో ఆఫ్రికా నుంచి వచ్చిన కూలీల్ని కొట్టి, కూలి ఎగ్గొట్టి పనిచేయించిన ముఠా మేస్త్రీల్ని పోలీసులు అరెస్టు చేశారు. ప్రపంచ వారసత్వ ప్రదేశంగా యునెస్కో 2014లో గుర్తించిన కొండలివి. ఆ అందం చూసి మురిసిపోయే మనం కోసినవాడి కూలి గురించి కూడా ఆలోచించాలి.

అందుకే నా లెక్కలో రోజువారీ సీసా అంటే ఏడు నుంచి పన్నెండు యూరోలు. స్ఫూజో అయితే సీసా, లేబుల్ ఖర్చులు ఉండవు, దళారీ ఉండడు, కాబట్టి లీటరు రెండున్నర కూడా రైతుకి గిట్టుబాటు కావచ్చు. మూడు యూరోల సీసాని, మూడు యూరోల స్ఫూజోని ఒకే గాటన కట్టకండి.

న్యూజెర్సీ_రుచి:
ఈ విషయం అమెరికాలో ఎవరూ మాట్లాడరు. మాకు పాయింట్లు, రేటింగులే. ఇక్కణ్నుంచి చూస్తే రైతు కనపడడు. ఎలా తెలుసుకోవాలి?

ఆల్బా_పక్కన:
పూర్తిగా తెలుసుకునే మార్గం లేదు. కానీ సహకార సంఘాల సీసాలు, సొంత తోటల చిన్న కుటుంబాల సీసాలు కొంటే చాలావరకు మంచివైపు ఉంటారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఈ కొండలు పేదవి. జనం టొరినోకి, ఫియట్ ఫ్యాక్టరీకి వలసపోయారు. ఆల్బాలో ఫెర్రెరో చాక్లెట్ ఫ్యాక్టరీ వచ్చాక ఊరూరికీ బస్సులు వేసింది. పగలు ఫ్యాక్టరీ పని, సాయంత్రం తోట పని, అలా చాలా కుటుంబాలు భూమి అమ్ముకోకుండా నిలబడ్డాయి. వాళ్ల మనవలే ఇప్పుడు మనం తాగే డొల్చెట్టో చేస్తున్నారు.

ఆ డొల్చెట్టో కూడా ఏటేటా తగ్గిపోతోంది. తోట వేసినవాడికి నెబ్బియోలో మీద, చాక్లెట్ కంపెనీలు కొనే హేజెల్‌నట్ మీద ఎక్కువ డబ్బొస్తుంది. పచ్చదోమ లాంటి ఒక పురుగు వ్యాపింపజేసే ఫ్లవెసెన్స్ దొరే తెగులు బార్బెరాని బాగా దెబ్బతీస్తోంది, సోకిన తీగని పీకేయడమే మార్గం. పెద్ద పెద్ద పేర్లకే డబ్బు పెట్టి, ఈ మామూలు ద్రాక్షల్ని అడిగేవాళ్లు లేకపోతే, అవి వేసేవాళ్లు కూడా ఉండరు. నేను ఎవరడిగినా డొల్చెట్టో పేరెత్తేది అందుకే.

మోన్‌ఫెర్రాటో_మిత్రుడు:
ఆ జాబితాలో మా వైపు నుంచి రెండు కలపండి. గ్రిన్యోలీనో, చూడటానికి గులాబీ నీళ్లలా పల్చగా ఉంటుంది, తాగితే వగరు. పండులో గింజలు ఎక్కువ, అందుకే ఆ వగరు. చల్లగా తాగాలి. రెండోది ఫ్రెయిజా, నెబ్బియోలోకి దగ్గరి చుట్టం, స్ట్రాబెర్రీ వాసన. రెండూ ఎనిమిది యూరోల చుట్టూ. కస్తాన్యోలె మోన్‌ఫెర్రాటోలో రూకే అని ఇంకో ద్రాక్ష ఉంది, గులాబీ, మిరియాల వాసన. దోన్ జాకొమో కౌడా అనే చర్చి ఫాదర్ పట్టుబట్టి పండించకపోతే అది ఎప్పుడో పోయేది. ఇది కాస్త ఖరీదు, పన్నెండు దాటుతుంది.

టొరినో_కొత్తకాపురం:
ఇన్ని పేర్లు రాసుకున్నాను. తోటలు చూడ్డానికి వెళ్లాలంటే ఎప్పుడు బావుంటుంది? మాకు కారు లేదు.

కృష్ణాతీరం_మిలాన్:
కారు లేకపోవడమే మంచిది, రుచి చూశాక నడిపే గొడవ ఉండదు. టొరినో నుంచి అస్టికి రైల్లో గంట లోపే. సెప్టెంబరులో అక్కడ దూయా దోర్ అనే వైన్ ఉత్సవం జరుగుతుంది, ఒకేచోట చాలా సీసాలు గ్లాసు లెక్కన రుచి చూడొచ్చు. ఆల్బాకి కూడా రైలుంది, ఇంకాస్త ఎక్కువ సేపు. వసంతంలో అక్కడ వీనుమ్ అనే సంత. అక్టోబరు, నవంబరులో తెల్ల ట్రఫుల్ (నేల కింద దొరికే ఖరీదైన పుట్టగొడుగు) సంత వల్ల ఆల్బాలో గదుల ధరలు రెట్టింపవుతాయి, ఆ నెలల్లో వద్దు.

ఆల్బా_పక్కన:
కోతల రోజుల్లో చిన్న రైతుల ఇళ్లకి చెప్పకుండా వెళ్లకండి, వాళ్లకి ఊపిరాడదు. ఫిబ్రవరి, మార్చిలో ముందుగా ఫోన్ చేసి వెళ్లండి, తీరిగ్గా కూర్చోబెట్టి మాట్లాడతారు. రుచి చూపించాక రెండు మూడు సీసాలైనా కొనడం మర్యాద.

టొరినో_కొత్తకాపురం:
సరేనండీ. రేపటి బుట్ట: బార్బెరా ద'అస్టి మామూలుది ఒకటి, డోల్యాని ఒకటి, ఎర్బలూచె ఒకటి. మొస్కాటో శనివారం కోడి వేపుడు రోజుకి. పక్కింటి పెద్దాయనకి అయిదు లీటర్ల స్ఫూజో చెప్పాను. మొస్కాటో తెరిచాక మిగిలితే ఎన్ని రోజులుంటుంది?

మోన్‌ఫెర్రాటో_మిత్రుడు:
బుడగలు ఒక్క రాత్రికే తగ్గిపోతాయి. మూత గట్టిగా బిగించి ఫ్రిజ్‌లో పెడితే మర్నాడు మధ్యాహ్నానికి ఫరవాలేదు, ఆ తర్వాత తీపి నీళ్లే. ఇద్దరికి ఎక్కువనిపిస్తే సగం సీసా అడగండి, 375 మిల్లీలీటర్లది కనెల్లి వైపు కంపెనీలు కొన్ని తెస్తున్నాయి.